పోలిష్ వాళ్ళు ఇంగ్లీష్ క్రియల దగ్గర ఎక్కడ తడబడతారు?

మీ ప్రశ్న: క్రాకో ఆఫీసులో మీ పోలిష్ సహోద్యోగులు ఇంగ్లీష్ ధారాళంగానే మాట్లాడతారు, కానీ "ఐ వాంట్ దట్ యు కాల్ మీ" అంటారు. ఎందుకలా, ఎలా సరిచేయాలి అని.

నేను పోలండ్‌లోనే వ్రొత్స్వాఫ్ అనే ఊళ్ళో ఉంటాను. సాయంత్రాలు ఆఫీసు వాళ్ళతో ఇంగ్లీష్ మాట్లాడించే పని నెత్తినేసుకున్నాను. నన్నడిగితే ముందు పట్టుకోవాల్సింది "జెబి" అనే చిన్న పోలిష్ మాట (దాదాపు మన "-ఆలని", "-అడానికి" లాంటిది). తాను వెళ్ళాలనుకుంటే వాళ్ళకి ఇబ్బందే లేదు, "ఐ వాంట్ టు గో" అని సరిగ్గానే అంటారు. వేరేవాళ్ళ చేత చేయించాలనుకున్నప్పుడే "హ్‌త్సె, జెబిష్..." (నాకు కావాలి, నువ్వు...) అని ఇంకో వాక్యం మొదలవుతుంది. ఆ జెబిష్‌లోనే "నువ్వు" కూడా ఇమిడి ఉంటుంది. అదే ఇంగ్లీషులోకి "దట్ యు" అయి దిగుతుంది. "నువ్వు రావాలని కోరుకుంటున్నా" అనే మనకి ఇదేం వింత కాదు.

నేను చెప్పే చిట్కా ఒకటే: నోట్లోకి జెబి వస్తే ఇంగ్లీషులో టు పెట్టండి, చేయాల్సిన మనిషిని దాని ముందు నిలబెట్టండి. వాంట్ యు టు కాల్. స్టాప్ దగ్గరా ఇదే పనికొస్తుంది. సిగరెట్ మానేశాడనడానికి "ప్షెస్తావ్ పాలిచ్" అంటారు, జెబి లేదు, కాబట్టి స్టాప్డ్ స్మోకింగ్. కాల్చడానికి ఆగాడనాలంటే జెబి వస్తుంది, కాబట్టి స్టాప్డ్ టు స్మోక్. రిమెంబర్ కూడా అంతే. తలుపుకి తాళం వేయడం మర్చిపోకు అనేటప్పుడు జెబి, వేసినట్టు గుర్తుంది అనేటప్పుడు ఉత్త "జె" (ఇంగ్లీష్ "దట్" లాంటిది). మొదటిదానికి టు లాక్, రెండోదానికి లాకింగ్. వాళ్ళ భాషలో ఉన్న తేడానే చూపిస్తున్నాం కాబట్టి చప్పున ఎక్కుతుంది.

అయితే ఈ చిట్కా బాగా ఒంటబట్టినవాళ్ళే ఆ తర్వాత "ఐ సజెస్ట్ యు టు టేక్ ద ట్రామ్" అంటారు! పోలిష్‌లో సజెస్ట్‌కీ జెబియే మరి. ఇన్సిస్ట్‌దీ ఇదే గొడవ. ఈ రెండూ ఇలా టు పెడితే ఒప్పుకోవు, విడిగా బట్టీ పట్టించాల్సిందే. "ఐ సజెస్ట్ యు టేక్", లేదా "ఐ సజెస్ట్ టేకింగ్".

"ఎక్స్‌ప్లెయిన్ మీ", "సే మీ" కూడా వింటారు. పోలిష్‌లో "మి" అంటే మన "నాకు", విభక్తి అందులోనే ఉంది, విడిగా టు ఎందుకన్నది వాళ్ళ అనుమానం. రెండుమూడు సార్లు సరిచేస్తే సర్దుకుంటుంది, దీనికి పెద్ద క్లాసు అక్కర్లేదు.

"ఐ లివ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అన్నప్పుడు మాత్రం కాస్త చూసుకుని దిద్దండి. వాళ్ళకీ మనకీ ఇది వర్తమానమే, "ఐదేళ్ళ నుంచి ఉంటున్నా" అంటాం కదా. మన టీముల్లోనూ "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" రోజూ వినిపిస్తుంది. "హ్యావ్ లివ్డ్, ఫర్ ఫైవ్ ఇయర్స్" అని ముందు మన నోటికి అలవాటైతే, అప్పుడు వాళ్ళకి చెప్పొచ్చు.