బకెట్టు, సైకిల్ ట్యూబు ఉంటే చాలు, ల్యాబ్ అక్కర్లేదు

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు కెమికల్ ఇంజనీరింగ్ అంటే ఏంటో చూపించాలి, స్కూల్లో ల్యాబ్ లేదు, ఏం చేయాలి అని అడిగారు. నేను బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల్లో (మాత్రల్లో వాడే అసలు మందు పెద్ద ఎత్తున తయారయ్యే చోట) పదమూడేళ్లుగా పని చేస్తున్నాను. ఏడాదికి రెండుసార్లు పెద్దపల్లి జిల్లాలోని మా ఊరి హైస్కూల్‌కి వెళ్తుంటాను, కాబట్టి అక్కడ ఏది పనిచేసిందో, ఏది తుస్సుమందో చెప్తా.

వంటసోడా, వెనిగర్‌తో అగ్నిపర్వతం మాత్రం వద్దు. మొదటిసారి నేను చేసింది అదే. నురగ పొంగింది, చప్పట్లు పడ్డాయి, వెనక బెంచీలోంచి ఒకడు "సార్, గిది దేనికి పనికొస్తది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, నేను రోజూ చేసే పని అందులో ఎక్కడా లేదని తట్టింది. గ్లాసులో అయ్యేదాన్ని ట్యాంకులో చేయించడమే మా ఉద్యోగం, తలనొప్పులన్నీ అక్కడే.

అందుకని ఇప్పుడు ఒక స్టీలు గ్లాసు, ఒక స్టీలు బకెట్టు పెట్టి రెండింట్లోనూ ఒకే వేడి నీళ్లు పోస్తాను (పోసేది పెద్దవాళ్లే). ఇరవై నిమిషాలు పిల్లల చేతే థర్మామీటర్ చూపించి బోర్డు మీద రాయిస్తాను. గ్లాసు గోరువెచ్చనవుతుంది, బకెట్టు ఇంకా కాలుతూనే ఉంటుంది. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేదు కానీ, నీళ్లు కాచిచ్చిన మధ్యాహ్న భోజనం వంటావిడ గుమ్మం దగ్గర నుంచి "పెద్ద గంజుల సాంబారు ఉంచితే జల్ది చల్లారది సార్, ఖరాబైతది, అందుకే చిన్న గిన్నెలల్ల తీస్తం" అంది. నాలుగేళ్ల బీటెక్‌లో నాకు ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. తర్వాత లెక్క వేయించాను: ఘనం భుజం రెట్టింపైతే లోపలి పరిమాణం 8 రెట్లు, వేడి బయటికి పోయే ఉపరితలం 4 రెట్లే. నా ఉద్యోగంలో మొదటి పెద్ద బ్యాచ్ ఇలాగే పోయింది. కలిపితే వేడి పుట్టే రసాయనం అది. ల్యాబ్ ఫ్లాస్కులో అరగంటలో పోసేసినదాన్ని రియాక్టర్లో (ఫ్యాక్టరీలో రసాయనాలు కలిపే పెద్ద ట్యాంకు) కూడా అదే ఊపున పోస్తే, దాని చుట్టూ ఉండే జాకెట్ అనే తొడుగులో చల్లనీళ్లు తిరుగుతున్నా వేడి ఆగక సరుకంతా నల్లబడింది. ఇది చెప్తే పిల్లలు బాగా నవ్వుతారు, చెప్పండి.

రెండోది యూరియా. మా దగ్గర రామగుండం ఫ్యాక్టరీ 2021లో మళ్లీ మొదలైంది, ప్రతి ఇంట్లో బస్తా ఉంటుంది, కానీ అది గాలిలోని నైట్రోజన్‌తో మొదలవుతుందంటే ఎవడూ నమ్మడు. 1909లో జర్మనీలో హేబర్ అనే శాస్త్రవేత్త ఆ నైట్రోజన్‌ని హైడ్రోజన్‌తో కలిపి, యూరియా తయారీకి కావాల్సిన అమోనియాని బల్ల మీద చుక్కలు చుక్కలుగా తీశాడు. దాన్ని ఫ్యాక్టరీ చేయమని బోష్ అనే ఇంజనీర్‌కి అప్పగిస్తే, దాదాపు 200 అట్మాస్ఫియర్ల (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 200 రెట్లు) ఒత్తిడిలో ఆయన ఉక్కు గొట్టాలు మూడు నాలుగు రోజులకే పగిలిపోయాయి. వేడి హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి అందులోని కార్బన్‌ని లాగేస్తోంది, ఉక్కు పెళుసెక్కిపోతోంది.

ఇక్కడ సైకిల్ ట్యూబు తీస్తాను. టైరు లేకుండా గాలి కొడితే ఒకచోట బుడగలా ఉబ్బుతుంది (పగిలేదాకా కొట్టొద్దు, నేను కొట్టి హెడ్‌మాస్టర్‌తో తిట్లు తిన్నాను). అదే టైరులో పెడితే అంతకంటే ఎక్కువ కొట్టినా గట్టిగా నిలబడుతుంది. గాలిని పట్టుకునేది ట్యూబు, ఒత్తిడిని మోసేది టైరు. బోష్ చేసిందీ దాదాపు ఇదే: లోపల కార్బన్ లేని మెత్తటి ఇనుప తొడుగు, బయట బలమైన ఉక్కు, ఆ ఉక్కుకి చిన్న చిన్న రంధ్రాలు. రంధ్రాలనగానే ఒకమ్మాయి "మరి గ్యాస్ అంతా పోదా సార్?" అని పట్టుకుంది. తొడుగు దాటి చెమటలా ఊరే కాస్త హైడ్రోజన్ ఉక్కులో ఇరుక్కోకుండా బయటపడటానికే ఆ రంధ్రాలు, అసలు గ్యాస్‌ని తొడుగు ఆపుతుంది. 1913లో జర్మనీలోని ఒప్పావులో ఫ్యాక్టరీ నడిచింది, 1931లో బోష్‌కి నోబెల్ వచ్చింది. ఇవి ఒక్క ముక్కలో చెప్పి వదిలేయండి, పిల్లలకు గొట్టం పగలడమే కావాలి.

ఫిబ్రవరి 28న, అంటే జాతీయ సైన్స్ దినోత్సవం రోజున మాత్రం వెళ్లకండి, ఆ రోజంతా ఉపన్యాసాలే. మామూలు రోజు చూసుకుని వరసగా రెండు పీరియడ్లు అడగండి. పంపు మీరే పట్టుకెళ్లండి, స్కూల్లో ఉంటుందనుకుని నేను సైకిల్ షాపు దాకా పరిగెత్తాను.