పేరు వెనక ఎన్ని తోకలో!

ప్రశ్న: మా నాన్నగారు ఈమధ్యే రిటైరయ్యారు. చేతికొచ్చిన మొత్తాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పడానికి ఒక ఆర్థిక సలహాదారు ఇంటికి వచ్చారు. మనిషి మర్యాదస్తుడు, ఓపిగ్గా మాట్లాడారు. ఆయన కార్డు మీద పేరు తర్వాత సీఎఫ్‌పీ, సీఎఫ్‌ఏ లెవెల్ 2 అని ఉంది. కింద పెద్ద అక్షరాలతో ‘సీనియర్ రిటైర్‌మెంట్ స్పెషలిస్ట్’ అని ఉంది. ‘ఇంత చదువుకున్నాయన తప్పు చెబుతాడా?’ అంటారు నాన్న. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఈ అక్షరాలను ఎంతవరకు నమ్మొచ్చు మేడమ్?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ఆ కార్డు పారేయకండమ్మా, దాంతో చాలా పని ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ సలహాదారుల ఫైళ్లు తనిఖీ చేయడమే నా పని. కార్డు చేతికి రాగానే పేరు వదిలేసి దాని వెనక తోకలు చదవడం అలవాటైపోయింది. మీ నాన్నగారికి ఇచ్చిన ఆ కార్డు మీద మూడున్నాయి. మూడూ ఒక కోవలోవి కావు.

మొదటిది సీఎఫ్‌పీ, అంటే సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్. ఇది బరువున్నదే. 1973లో అమెరికాలో 42 మందితో మొదటి బ్యాచ్ బయటికొచ్చింది. అక్కడ దీన్ని సీఎఫ్‌పీ బోర్డు చూసుకుంటుంది, మిగతా దేశాల్లో ఎఫ్‌పీఎస్‌బీ అనే సంస్థ. నిర్ణీత కోర్సు చదవాలి, పరీక్ష పాసవ్వాలి, పని అనుభవం చూపించాలి, నీతి నియమావళికి కట్టుబడతానని ఒప్పుకోవాలి. అమెరికాలో ఆ పరీక్షకు 170 ప్రశ్నలు, అదీ ఒక్క రోజులో. ఇంటి బడ్జెట్, బీమా, పన్ను, రిటైర్‌మెంట్, వీలునామా... ఇలా కుటుంబం డబ్బు మొత్తాన్నీ కలిపి చూడటం నేర్పే చదువు ఇది. మీ నాన్నగారి అవసరం కూడా అదే.

అయితే ఇది ఒకసారి వస్తే జీవితాంతం ఉండిపోయే డిగ్రీ కాదు. ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించుకోవాలి, కొత్త విషయాలు చదువుతున్నట్టు చూపించాలి. లేకపోతే ఆ అక్షరాలు వాడే హక్కు పోతుంది. హక్కు పోయినా కార్డులు మిగిలిపోతాయి కదా! అలాంటి కార్డులు నేను చూశాను. పాత కట్ట అయిపోయేదాకా పంచుతూనే ఉంటారు. అందుకే ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్‌లో ఆయన పేరు వెతకండి. సర్టిఫికెట్ ఇప్పుడు నడుస్తోందా లేదా అన్నదే మీరు చూడాల్సింది. సలహాదారు ఫోన్‌లో చూపించే స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకండి.

రెండోది నాకు నచ్చలేదు. సీఎఫ్‌ఏ అంటే చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్. 1963లో మొదలైన పరీక్ష, చాలా కఠినం. మూడు లెవెళ్లూ పాసై, కనీసం 36 నెలల్లో 4,000 గంటల సంబంధిత పని అనుభవం చూపించి, సభ్యత్వం తీసుకున్నాకే పేరు పక్కన ఆ అక్షరాలు రాసుకోవాలి. ‘లెవెల్ 2’ అని తోక తగిలించుకునే హోదా అసలు లేదు. ఫలానా లెవెల్ పాసయ్యానని బయోడేటాలో ఒక వాక్యం రాసుకోవచ్చు, అంతే. పేరు పక్కన పెట్టుకోవద్దని సీఎఫ్‌ఏ ఇన్‌స్టిట్యూట్ నియమమే ఉంది. రెండు లెవెళ్లు దాటడం చిన్న విషయమేమీ కాదు, ఆయన తెలివితేటల మీద నాకు అనుమానం లేదు. కానీ తన అర్హత గురించి కార్డు మీదే కొంచెం పెంచి చెప్పుకున్న మనిషి, అమ్మే పథకం గురించి ఎంత పెంచి చెబుతాడో! ఇంకో మాట. నిజమైన సీఎఫ్‌ఏ అయినా అది ప్రధానంగా కంపెనీలను, బాండ్లను, పోర్ట్‌ఫోలియోలను విశ్లేషించేవాళ్ల చదువు. అమ్మగారి పేరున బీమా ఉందా, ఇంటి అప్పు తీరిందా అని అడగడం అందులో అసలు పాఠం కాదు.

ఇక ఆ ‘సీనియర్’ బిరుదు. పెద్దవయసు వాళ్ల కోసమే పుట్టించిన ఇలాంటి బిరుదులు ఒక్క అమెరికాలోనే 50కి పైగా ఉన్నాయని అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2013లో లెక్క తేల్చింది. వాటి వెనక ఉన్న చదువుల్లో నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంటుంది. ఈ బిరుదు ఇచ్చిందెవరు, పరీక్ష ఉందా, ఎన్నాళ్ల కోర్సు, ఎవరైనా ఫిర్యాదు చేస్తే దాన్ని వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉందా అని ఆయన్నే అడగండి. చివరి ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబు ఉండదు.

ఇంత చెప్పాక కూడా, ఈ తోకలన్నీ చదువు సంగతులే. సలహా ఇచ్చే అనుమతి వేరే విషయం. అది ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఇవ్వాలి. మీరు ఏ దేశం నుంచి రాశారో చెప్పలేదు కాబట్టి మూడు చోట్ల సంగతి చెబుతాను. ఇండియాలో 2013 నిబంధనల ప్రకారం పెట్టుబడి సలహాదారు మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ దగ్గర నమోదు కావాలి, ఆ జాబితా సెబీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. బ్రిటన్‌లో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ రిజిస్టర్ చూడాలి. అమెరికాలో సలహాదారులకు అక్కడి మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ నడిపే వెబ్‌సైట్, బ్రోకర్లకు వాళ్లను పర్యవేక్షించే ఫిన్రా వాళ్ల బ్రోకర్‌చెక్ వెబ్‌సైట్ ఉన్నాయి. ఏదైనా పైసా ఖర్చు లేని పనే. బ్రోకర్‌చెక్‌లో అయితే ఆ మనిషి ఏయే సంస్థల్లో పనిచేశాడు, ఖాతాదారులు పెట్టిన ఫిర్యాదులేమిటి అనేవి కూడా కనిపిస్తాయి. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మీరు చెబితే వినకపోవచ్చు, తెర మీద తానే చదివితే వింటారు.

నిఖార్సయిన అర్హత, నిఖార్సయిన అనుమతి రెండూ ఉన్నా నేను పూర్తిగా నిశ్చింతగా ఉండను. ఒకసారి ఒక సలహాదారు ఫైళ్లు చూస్తున్నాను. నష్టాన్ని ఎంతవరకు తట్టుకోగలరు అనే ప్రశ్న ఎదుట మూడు గళ్లుంటాయి: తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. కట్టలో ప్రతి ఫారంలోనూ ‘మధ్యస్థం’ గడిలోనే టిక్కు. ఎనభై దాటిన వితంతువుకూ మధ్యస్థమే, అప్పుడే ఉద్యోగంలో చేరిన కుర్రాడికీ మధ్యస్థమే. టిక్కులన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలులో ఉన్నాయి. ఖాతాదారుల సంతకాలు మాత్రం ఎవరివి వాళ్లవే! ఆ ఫైళ్ల సలహాదారు పేరు వెనక ఉన్నది అసలైన సీఎఫ్‌పీయే. కాబట్టి నాన్నగారిని ఖాళీ ఫారం మీద సంతకం పెట్టనివ్వకండి. ఆ ప్రశ్నలకు ఆయనే, తన పెన్నుతో జవాబులు రాయాలి.

ప్రశ్న: మా సలహాదారు నా దగ్గర ఒక్క పైసా ఫీజు తీసుకోరు. పెట్టుబడి కంపెనీలే తనకు ఇస్తాయని ఆయనే చెప్పారు. ఇందులో నాకు నష్టమేముంది?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: దాచకుండా చెప్పారు, అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. ఇప్పుడు కంపెనీలు ఆయనకిచ్చే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం మాస్టారూ. మీ పెట్టుబడి నుంచి ఏటా కోసుకునే ఖర్చులోంచే వస్తుంది. మీరు నూరు పెట్టారనుకోండి. ఏడాదికి 6 శాతం పెరిగితే ఇరవై ఏళ్లకు 321 అవుతుంది. అందులో 1 శాతం కమీషన్ కింద పోయి 5 శాతమే మిగిలితే 265. తేడా 56, అంటే మీరు మొదట పెట్టినదాంట్లో సగానికి పైనే. ‘ఉచిత’ సలహాకు మీరు కట్టే ఫీజు అదన్నమాట.

కమీషన్ తీసుకునేవాళ్లందరూ చెడ్డవాళ్లని నేను అనను. చిన్న మొత్తాలతో మొదలుపెట్టేవాళ్లకు ఫీజు సలహాదారు అందుబాటులో లేనప్పుడు వాళ్లే దిక్కు. ఏ పథకంలోనూ చేరకుండా అప్పు తీర్చేసుకోండి అని మాత్రం కమీషన్ మీద బతికే మనిషి చెప్పడం కష్టం. మీకు ఒక్కోసారి కావలసిన సలహా సరిగ్గా అదే. ఈ చిక్కు తెలిసే బ్రిటన్ 2012 చివరి నుంచి పెట్టుబడి సలహాల మీద కొత్త కమీషన్లు ఆపేసింది. సలహాదారు నేరుగా ఖాతాదారు దగ్గరే ఫీజు తీసుకోవాలి. ఇండియాలోనూ ఒకే ఖాతాదారుకు సలహా ఫీజు, పథకాల కమీషన్ రెండూ తీసుకోకూడదని సెబీ నిబంధన. సీఎఫ్‌పీ బోర్డు 2019 అక్టోబర్ నుంచి అమల్లోకి తెచ్చిన నియమావళి ప్రకారం, ఆర్థిక సలహా ఇచ్చేటప్పుడల్లా ఖాతాదారు మేలునే ముందు చూడాలి. అంతమాత్రాన కమీషన్ తీసుకోకూడదని కాదు, ఆ సంగతి చెప్పాలి.

మీరు ఆయనకు ఒక్క ఈమెయిల్ పెట్టండి. ‘నా పెట్టుబడి మీద మీకు మొదటి ఏడాది ఎంత వస్తుంది? ఆ తర్వాత ఏటా ఎంత? నేను దీనికి బదులు వేరే పథకం తీసుకుంటే మీకెంత వస్తుంది?’ జవాబు రాతపూర్వకంగా రావాలి. ఫోన్ చేసి ‘అబ్బే, పెద్దగా ఏం రాదండీ’ అంటే, అదే మాట ఈమెయిల్‌లో రాయమనండి.

ప్రశ్న: మా సీఏ స్నేహితుడు పన్ను రిటర్నులు బాగా చేస్తాడు. పెట్టుబడులకు కూడా ఆయన్నే అడిగితే సరిపోతుందా?
– చిన్న వ్యాపారి

జవాబు: పన్నుకు అడగండి, నిస్సంకోచంగా. సీఏ చదువు ప్రధానంగా లెక్కలు, ఆడిట్, పన్నులకు సంబంధించింది. అందులో ఆయన మాటకు తిరుగుండదు. పెట్టుబడి సలహా మాటకొస్తే, అకౌంటెంట్లు తమ వృత్తిలో భాగంగా చెప్పేదానికి ఇండియా, అమెరికా చట్టాలు రెండూ సలహాదారుగా నమోదు నుంచి మినహాయింపు ఇస్తాయి. అంటే ఆయన చెప్పడం తప్పు కాదు. కానీ ఆ సలహా తేడా కొడితే, నమోదైన సలహాదారు మీద పెట్టినట్టు ఫిర్యాదు పెట్టడానికి మీకు దారి దొరక్కపోవచ్చు. నేనైతే పథకం ఎంపిక వేరొకరితో చేయించి, డబ్బు కట్టేముందు ఆ కాగితాలు ఆయనకు చూపించి పన్ను ఎంత పడుతుందో అడుగుతాను. స్నేహితుడు కదా, ఫీజు అడగడానికి మొహమాటపడతారు. మీరే ముందు అడిగి ఇచ్చేయండి. ఊరికే పని చేయించుకుంటే, రెండోసారి ఆయన ఫోన్ ఎత్తకపోయినా తప్పుపట్టలేం.