ఎసిడిటీ ఉన్నవారికి పంటి ఫిల్లింగు ఎందుకు నిలవదు?

ఏడాది తిరగకముందే రెండు తెల్ల సిమెంటు ఫిల్లింగులు అరిగిపోయాయని, ఇది డాక్టరు పనితనంలో లోపమా, జిర్కోనియా క్యాప్ (పింగాణీ లాంటి గట్టి పదార్థంతో చేసే పంటి తొడుగు) వేయించుకుంటే తీరుతుందా అని మీరు అడిగారు. చాలాకాలంగా పుల్లతేన్పులు వస్తున్నాయని కూడా చివర్లో రాశారు. మీ ప్రశ్నకు జవాబు ఆ చివరి మాటలోనే ఉందని నా అభిప్రాయం. నేను డాక్టరును కాను, ఇదే ఇబ్బందితో నాలుగేళ్లు తిరిగినవాణ్ణి.

నాకు దవడ పంటికి చిగురు దగ్గర వేసిన సిమెంటు మూడుసార్లు పోయింది. మొదట వెళ్లిన క్లినిక్‌లో ప్రతిసారీ మళ్లీ నింపి పంపారే గాని, ఛాతీలో మంట ఉందా అని అడగలేదు. కడుపు సంగతి పళ్ల డాక్టరుకు చెప్పాలని నాకూ తోచలేదు. తరువాత చూసిన డాక్టరు నా చేతికి ఒక అద్దమిచ్చి, నోట్లో చిన్న అద్దం పెట్టి, పై ముందు పళ్ల వెనుక భాగాన్ని చూపించారు. బయటికి తెల్లగా కనిపించే ఆ పళ్లు అంగిలి వైపు గుంటలు పడి, నున్నగా, పసుపుపచ్చగా ఉన్నాయి. ఎప్పుడో వేయించుకున్న వెండి ఫిల్లింగు మాత్రం చెక్కుచెదరలేదు. దాని చుట్టూ పన్ను కరిగిపోవడంతో అది నీరు తగ్గిన చెరువులో బండరాయిలా పైకి తేలి ఉంది. ఫిల్లింగు ఎత్తుగా వేశారేమో అని నేను నాలుకతో తడుముకుంటూ వచ్చిన ఆ అంచు నిజానికి పన్ను తగ్గినందువల్ల ఏర్పడింది.

పంటి మీది గట్టి పొర అయిన ఎనామిల్ సుమారు 5.5 పీహెచ్ (ఆమ్లత్వాన్ని కొలిచే అంకె; ఎంత తక్కువైతే అంత ఎక్కువ ఆమ్లం) దగ్గర కరగడం మొదలవుతుంది. కడుపులోని ఆమ్లం పీహెచ్ 1 నుంచి 2 వరకూ ఉంటుంది. ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది కాబట్టి, ఈ రెండింటి మధ్య తేడా వెయ్యి రెట్లకు పైమాటే. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది గనుక, రాత్రి గొంతులోకి ఎగదన్నిన పులుపు చాలాసేపు కడిగేవారు లేకుండా పళ్ల మీదే ఉండిపోతుంది.

ఫిల్లింగు పదార్థాలన్నీ ఈ ఆమ్లాన్ని ఒకేలా తట్టుకోవు. మీకు వేసినది గ్లాస్ అయనోమర్ (గాజుపొడితో చేసే ఒక రకం సిమెంటు) అయితే, అన్నిటికంటే ముందు కరిగేది అదే. కాంపోజిట్ (పంటి రంగులో ఉండే, ప్లాస్టిక్ లాంటి రెసిన్‌తో చేసే ఫిల్లింగు) మెరుగు, అయితే అందులోని రెసిన్ కాలక్రమేణా మెత్తబడి, పైభాగం గరుకుగా మారి, అంచుల్లో మరకలు పడతాయి. జిర్కోనియా ఆమ్లానికి దాదాపు లొంగదు. కానీ క్యాప్ అంచు కింద ఉన్నది మీ పన్నే. అది కరుగుతూ పోతే క్యాప్ ఎంత గట్టిదైనా సందు ఏర్పడుతుంది. అందువల్ల ఆమ్లం అదుపులోకి రాకముందే ఖరీదైన క్యాప్‌ల జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను.

ముందు గ్యాస్ట్రో డాక్టరుకు చూపించుకోండి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలతో నెలల తరబడి నెట్టుకురావద్దు. నేను రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉండేలా చూసుకుని, మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టించాను. పులుపు నోట్లోకి వచ్చిన వెంటనే బ్రష్ చేయకూడదు. మెత్తబడిన ఎనామిల్ ఆ రాపిడికి పోతుంది. గ్లాసు నీళ్లలో అర చెంచా తినే సోడా కలిపి పుక్కిలించి ఉమ్మేసి, కనీసం అరగంట ఆగండి. మంట తగ్గుతుందని నిమ్మసోడా తాగే అలవాటుంటే మానేయండి, అది పళ్లకు రెండో దెబ్బ.

నాకు మంట అదుపులోకి వచ్చిన ఆరు నెలలకు ముందు పళ్ల వెనుక భాగాన్ని కాంపోజిట్‌తో కట్టారు. అది వేసి మూడేళ్లయింది. ఒకసారి పాలిష్ చేయించడం తప్ప మరమ్మతు అవసరం రాలేదు. మీరు ఈసారి వెళ్లినప్పుడు ఎసిడిటీ సంగతి ముందుగానే చెప్పి, పై పళ్ల వెనుక భాగానికి ఫొటో తీయించి మీ దగ్గర ఉంచుకోండి; ఏడాది తరువాత మళ్లీ తీయించి పక్కపక్కన పెట్టి చూస్తే అరుగుదల ఆగిందో లేదో తెలిసిపోతుంది.