కుడివైపు గీత ఎవరికి దగ్గర

పాలకొల్లు

అమ్మాయీ,

నీ కథ చేరి వారం దాటింది. బాబాయిగారూ అని పిలిచావు కాబట్టి చనువుగానే రాస్తున్నాను. అందులో ఒక్క వాక్యం నన్ను వదలడం లేదు. ఆ తరవాతి పేజీ తలుచుకుంటే కోపం ఆగడం లేదు.

ముందు ఆ వాక్యం సంగతి. నరసాపురం స్టేషన్ దగ్గర టీకొట్టు. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసి, రిటైరై సొంతూళ్ళకి వచ్చేసిన నలుగురు పెద్దవాళ్ళు. వాళ్ళలో ఫిట్టరుగా చేసినాయన, కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కి రైట్ వింగర్‌గా, అంటే కుడి గీత వెంబడి, సురజిత్ సేన్‌గుప్తా ఎలా ఆడేవాడో బల్ల మీద చూపిస్తాడు. అగ్గిపెట్టె సురజిత్. తాగేసిన టీగ్లాసు, అతన్ని అడ్డుకునే ఎదుటి క్లబ్బు మోహన్ బగాన్ బ్యాకు. బల్ల అంచు మైదానం గీత. అగ్గిపెట్టెని అంచు వెంబడే జరుపుకుంటూ వచ్చి, గ్లాసు ముందు ఆపేస్తాడు. ఆపి ఊరుకుంటాడు. ఎడమచేత్తో గ్లాసుని తనే కాస్త ముందుకి లాగుతాడు. గ్లాసు కదిలిందో లేదో, అగ్గిపెట్టె బయటివైపు నుంచి జారిపోతుంది. 'సగం అగ్గిపెట్టె బల్ల బయటికి వేలాడింది, పడలేదు' అని రాశావు. బాగుంది. బంతి గీత మీద ఉన్నంతసేపూ ఆటలో ఉన్నట్టేనని, వింగర్ బతుకంతా ఆ బెత్తెడు జాగాలోనేనని నువ్వెక్కడా చెప్పకుండానే తెలిసింది.

ఇక కోపం సంగతి. ఆ వాక్యం అయిందో లేదో నీ కథలో మనవరాలు ఫోన్ తీసింది. 1975 సెప్టెంబర్ 30, కలకత్తాలో ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ పోటీ ఫైనల్, ఈస్ట్ బెంగాల్ 5, మోహన్ బగాన్ 0. మొదటి గోల్ సురజిత్‌ది, ఐదో నిమిషంలో. తరవాత శ్యామ్ థాపా రెండు, ఇంకో ఇద్దరు చెరొకటి. అన్నీ సరిగ్గానే రాశావు, ఒక్క తప్పు లేదు. ఫిట్టరుగారేమో సురజిత్ గోల్ ఇంటర్వెల్ తరవాత, తన కళ్ళముందే పడిందంటాడు. మనవరాలు ఫోన్ చూసి కాదంటుంది. మిగతా ముగ్గురూ నవ్వుతారు. 'వయసైపోయింది తాతకి' అని ఆ సీను మూసేశావు.

ఎందుకు మూశావమ్మా? నీ కథ మొదలవాల్సింది అక్కడ.

ఫుట్‌బాల్‌లో మిగతా వాళ్ళందరూ మైదానం మధ్యలో ఉంటారు. ఫార్వర్డు గోల్ దగ్గర, గోలీ తన గూట్లో. జనానికి ఆనుకుని ఆడేవాడు వింగర్ ఒక్కడే. గీత పక్కన కూర్చున్నవాడికి అతని రొప్పు వినిపిస్తుంది, జారుతూ ఆగినప్పుడు లేచిన బురద చొక్కా మీద పడుతుంది. కలకత్తా లీగు వానాకాలంలో ఆడతారు. నడిమధ్య అంతా తొక్కుడు పడి బురదైపోయినా, అంచుల్లో గడ్డి కొంత మిగులుతుంది. అందుకే జూలై, ఆగస్టు నెలల్లో బంతి నేలమీద దొర్లుతూ పోయే చోటు అంచే. మంచి వింగర్ ఉన్న టీమ్‌కి ఆ నెలల్లో ఎంత బలమో చూసినవాడికి తెలుసు.

ఇప్పుడు ఇది ఆలోచించు. రైట్ వింగర్ మొదటి సగంలో ఒక గ్యాలరీ ముందు పరిగెడతాడు. ఇంటర్వెల్‌కి టీములు పక్కలు మారతాయి. రెండో సగంలో అదే మనిషి ఎదురు గ్యాలరీ ముందు పరిగెడతాడు. అంటే మైదానంలో సగం మందికి అతను మొదట దగ్గర, తరవాత దూరం. మిగతా సగానికి మొదట దూరం, తరవాత దగ్గర. మీ ఫిట్టరుగారు ఎటు కూర్చున్నాడు? ఐదో నిమిషంలో గోల్ పడినప్పుడు సురజిత్ ఆయనకి అవతలి గీత మీద ఉండి ఉంటాడు. కనిపించింది చిటికెన వేలంత మనిషి, వినిపించింది అవతలివాళ్ళ కేక. ఇంటర్వెల్ తరవాత అదే మనిషి ఆ సగమంతా ఈయన ముందే పరిగెత్తాడు. ఏళ్ళు గడిచేసరికి ఆ దూరపు గోల్‌ని ఆయన మనసు మెల్లిగా తన గ్యాలరీ ముందుకి తెచ్చుకుంది. అది వయసు వల్ల జరిగింది కాదు, ప్రేమ వల్ల జరిగింది. నీ రికార్డు ఆయన్ని అబద్ధాలకోరుని చేసింది. కూర్చున్న చోటు అడిగి ఉంటే ఆయన ఎంత నిజం చెబుతున్నాడో నీకు తెలిసేది.

నలభై ఏళ్ళుగా ఇదే మాట అందరితో అంటున్నాను, పోరు పెట్టేవాడినని పేరు కూడా వచ్చింది. మనిషి ఎక్కడ నిలబడి చూశాడో రాయి. మిగతాది దానంతట అదే వస్తుంది. 1986 ఆగస్టు వరద మీద మన జిల్లాల నుంచి నా దగ్గరికి ఎన్ని కథలొచ్చాయో! అన్నిట్లోనూ గోదావరి పైనుంచి కనిపిస్తుంది, హెలికాప్టర్‌లో కూర్చున్నట్టు. ఏటిగట్టు మీద నిలబడ్డవాడికి వరద అంటే కాలికింద మెత్తబడుతున్న మన్ను. లంకలో అటకెక్కినవాడికి నిచ్చెన మెట్ల మీద నీళ్ళ జాడ. రాజమండ్రి బ్రిడ్జి మీదికి చూడ్డానికి వెళ్ళినవాడికి కొట్టుకుపోతున్న గేదె. ముగ్గురూ ఒకే వరద చూశారని రాసేవాడు వరద చూడనట్టే. 1996 నవంబర్ తుఫాను రాసినవాళ్ళూ అంతే. నీ కథలో నలుగురూ ఒకే గ్యాలరీలో కూర్చున్నవాళ్ళలా ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు. ఖరగ్‌పూర్ నుంచి నలుగురూ ఒకే లోకల్ ఎక్కి ఉండొచ్చు, హౌరా దాకా కలిసే వెళ్ళి ఉండొచ్చు. కలకత్తా మైదాన్ చేరాక ఎవడికి దొరికిన సందులో వాడు దూరతాడు.

నేనూ ఆ లోకల్ ఎక్కినవాడినే. మా మేనమామ ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనిచేసేవాడు. పక్క క్వార్టర్స్‌లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చేసిన కుటుంబం ఉండేది, వాళ్ళ సావాసంతో ఈస్ట్ బెంగాల్ మనిషి అయిపోయాడు. 1970 నుంచి 75 దాకా వరసగా ఆరేళ్ళు కలకత్తా లీగు గెలిచింది ఆ క్లబ్బు. ఆ రోజుల్లో దాన్ని పట్టుకున్నవాడు చచ్చేదాకా వదలడు. టాస్ పడేదాకా మామయ్యకి ఒకటే టెన్షన్. గెలుస్తామా లేదా అని కాదు. సురజిత్ ముందు ఇటు పరిగెడతాడా, అటు పరిగెడతాడా అని. ఇటైతే కండువా నడుముకి చుట్టుకుని ముందుకి తోసుకుపోయేవాడు. అటైతే చతికిలబడి కూర్చుని, ఇంటర్వెల్ దాకా వేరుశనక్కాయలు ఒలుస్తూ, ఆట చూడకుండా నాకు పాత కబుర్లు చెప్పేవాడు. టికెట్ దొరకనివాళ్ళు అట్టముక్కలూ అద్దాలూ పెట్టి చేసిన పెరిస్కోపులు పట్టుకుని జనం తలల పైనుంచి చూసేవాళ్ళట ఒకప్పుడు. అద్దంలో చూసినవాడి జ్ఞాపకంలో మైదానం ఎంతుంటుందో ఎప్పుడైనా ఊహించావా? అగ్గిపెట్టెంత. మీ ఫిట్టరుగారు అగ్గిపెట్టే ఎందుకు తీశాడో ఆయన్నే అడుగు.

మామయ్య దగ్గర నేను నేర్చుకున్నది ఇంకొకటి ఉంది, అది నీ కథలో అసలు లేదు. 1980లో సురజిత్ ఈస్ట్ బెంగాల్ వదిలి మహమ్మడన్ స్పోర్టింగ్‌కి వెళ్ళిపోయాడు. ఆయనొక్కడే కాదు, ఆ ఏడు చాలామంది వెళ్ళారు. తరవాత మోహన్ బగాన్‌లోనూ ఆడాడు. మామయ్య ఆ ఏడాదంతా ఆయన పేరు నోటమ్మట రానివ్వలేదు. పేపర్లో ఫోటో వస్తే ఆ పేజీ మడిచి సంచిలో పెట్టేవాడు. పారేసేవాడు కాదు, చూసేవాడూ కాదు. నీ నలుగురూ 2022 ఫిబ్రవరిలో ఆయన పోయాడని తెలిసి ఏడ్చారు. సరే. మధ్యలో ఎప్పుడూ అలగలేదా? అలక లేని అభిమానం నాకు తెలియదు. ఆటగాడు క్లబ్బు మారితే అభిమాని ఇంట్లో అన్నం ఎలా దిగిందో రాయి. ఏడుపు సీను సగానికి కోసెయ్, ఆ జాగా అలకకి ఇవ్వు.

పులస గురించి కూడా చెప్పాలి. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే దాని అభిమానులు ఇలీషా చేప వండుకుంటారు, మోహన్ బగాన్ గెలిస్తే అవతలివాళ్ళు పెద్ద రొయ్యలు. ఆ ఇలీషాయే వరదలో గోదావరి ఎదురెక్కి వచ్చి మనకి పులస అవుతుంది. దాన్ని పట్టుకోవాలన్న ఆశ నీకు కలగడం సహజం. కానీ సురజిత్ పోయింది ఫిబ్రవరిలో. నదిలో ఎర్రనీళ్ళు తిరగకుండా, శ్రావణం రాకుండా నరసాపురం బజారులో పులస ఎక్కడిది తల్లీ? నలుగురూ కలిసి ఆయన పేరు మీద పులస పులుసు తిన్నట్టు రాశావు. గోదావరి గట్టున పుట్టిన పిల్ల రాయాల్సిన మాట కాదది. ఇది నీ తప్పని నేననుకోను. ఎడిటర్లు ఇలా అలవాటు చేశారు. ఈ డెల్టా నుంచి కథ వస్తే కొబ్బరిచెట్టు, పంటు, పూతరేకులు, పులస, ప్రతి మాట చివరా 'ఆయ్' ఉండాలి వాళ్ళకి. ఒకాయన నాకు రాశాడు కూడా, 'మీ కథలో గోదావరి సువాసన తగ్గింది, ఒక పడవ వెయ్యండి' అని. ఆ కథ సిమెంటు గోడౌన్ హమాలీల గురించి. పడవ ఎక్కడ వెయ్యను? వెయ్యలేదు. కథ తిరిగొచ్చింది. నీ మొదటి పేరాలో కొబ్బరాకుల గలగల ఉంది చూడు, అది తీసెయ్. టీకొట్టుతో మొదలుపెట్టు.

నా ఫుట్‌బాల్ కథకి పట్టిన గతి ఇంకా ఘోరం. మామయ్య పోయిన ఏడు రాశాను దాన్ని. ఒక పెద్ద వారపత్రికకి పంపితే, తిరుగు స్టాంపులు పెట్టిన కవర్లోనే వెనక్కొచ్చింది, మార్జిన్‌లో ఎర్రసిరాతో 'మన పాఠకులకి ఫుట్‌బాల్ తెలియదు, క్రికెట్‌గా మార్చితే వేస్తాం' అని. వింగర్‌ని తీసి ఏం పెట్టమంటారు? బౌండరీ దగ్గర ఫీల్డర్నా? నేను మార్చలేదు. ఆ కథ బీరువాలో ఉండిపోయింది, తరవాత ఒక చిన్న పత్రిక వేసింది. ఆ పత్రిక మూతపడింది, నా కథ మాత్రం అచ్చులో ఉంది. ఇప్పటికీ ఆ ఎర్రసిరా గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. ఎందుకో తెలుసా? సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం అదే ఈస్ట్ బెంగాల్‌కి ఆడాడు, 1961లో కెప్టెన్ అయ్యాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద గోల్ కొట్టాడు, పెరూ మీదా కొట్టాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ తెచ్చింది. వాళ్ళ కోచ్ రహీం సాబే 1962లో జకార్తాలో ఇండియాకి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిపెట్టాడు. ఇంత జరిగిన భాషలో 'మన పాఠకులకి తెలియదు' అనేవాడికి ఆ కుర్చీ ఎవరిచ్చారు? నీకూ ఎవరైనా అదే సలహా ఇస్తే వినకు. కథ బీరువాలో పెట్టు, మార్చకు.

ఇప్పుడొచ్చిన ఫ్యాషన్ ఇంకోటి, అన్నీ ఒక పేజీలో అయిపోవాలని. నీ కథా కుదించమన్నారని రాశావు. కుదించేది ఏమైనా ఉంటే ఫోన్ పేజీ కుదించు. అగ్గిపెట్టె సీను ఇంకా సాగాలి. గ్లాసుని ఆయన తనే ముందుకి లాగాడన్నావు కదా, అసలు కిటుకు అక్కడుంది. సురజిత్ బ్యాకుని దాటిపోయేవాడు కాదు, బ్యాకు తనంతట తాను మీదికొచ్చేదాకా ఆగేవాడు. ఆగిన బంతిని చూసి బ్యాకుకి ఆశ పుడుతుంది, కాలు చాపుతాడు. చాపిన కాలు వెనక్కి వచ్చేలోపు ఈయన గీత వెంబడి నాలుగడుగులు దాటి, గోల్ ముందుకి క్రాస్ వేసేసేవాడు. ఆ ఆగడం ఎంతసేపో ఫిట్టరుగారి చెయ్యి చెబుతుంది. ఆయన అగ్గిపెట్టె ఆపినప్పుడు పక్కవాళ్ళు టీ తాగడం ఆపారా? కొట్టువాడు చూస్తున్నాడా? ఆ క్షణంలో నువ్వెక్కడ నిలబడ్డావు, బల్లకి ఏ పక్క? నీకు గ్లాసు అడ్డమొచ్చిందా? ఇవన్నీ నీకు తెలుసు, రాయలేదు. అప్పట్లో ఈస్ట్ బెంగాల్ కోచ్ పి.కె. బెనర్జీ. ఆయనా ఒకప్పుడు రైట్ వింగరే. వింగర్‌కి వింగరే కోచ్ అయితే గీత దగ్గర ఏ తప్పు చేసినా దొరికిపోతాడని మామయ్య అనేవాడు. అది వాడుకుంటానంటే వాడుకో, నాకు అభ్యంతరం లేదు.

పోటీకి పంపాలా, వర్తమానకాలంలో రాయాలా అని రెండు ప్రశ్నలు వేశావు. అవి తరవాత చూద్దాం. ముందు మళ్ళీ నరసాపురం వెళ్ళు. నలుగురినీ కలిపి అడగకు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, ఆ రోజు ఎటు వైపు కూర్చున్నారో, ఎండ కళ్ళలో పడిందో వీపు మీద పడిందో, ముందు ఎవరి తల అడ్డమొచ్చిందో అడుగు. చెప్పింది చెప్పినట్టు రాసుకో, ఫోన్ సంచిలోనే ఉండనీ. ఫిట్టరుగారిని ఇంకో మాట కూడా అడుగు. వర్క్‌షాపులో ఏ షాపు, ఏ సంవత్సరాలు? డెబ్భైల్లో అక్కడ చేసినాయన అయితే మా మామయ్యని ఎరిగి ఉండటానికి చాలా అవకాశం ఉంది. నడుముకి కండువా చుట్టుకుని టాస్ కోసం నిలబడే మనిషి అని చెప్పు, గుర్తుపడతాడు. గుర్తుపడితే వెంటనే ఒక కార్డు ముక్క రాయి, నేనే బస్సెక్కి వస్తాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి