డిటెక్టివ్ కథ రాస్తున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కథ నిదానంగా చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది. గవర్నర్‌పేట లాడ్జి, అరిగిపోయిన దాని మెట్లు, రిజిస్టరులో పేర్లు రాసుకునే గుమాస్తా కళ్ళకు కట్టారు. కానీ హత్య జరిగిన దగ్గర నుంచి కథ నీ చెయ్యి జారిపోయింది. ఎవరూ పేరు వినని ఆఫ్రికా విషం, చివరి పేజీలో బొంబాయి నుంచి ఊడిపడిన మేనల్లుడు, బెజవాడ ఎండల్లో పొడుగు కోటు తొడుక్కుని తిరిగే డిటెక్టివ్! ఇన్ని పేజీలు నమ్మకంగా నీ వెంట నడిచిన పాఠకుడికి ఇది అన్యాయం.

బాసు చటర్జీ దూరదర్శన్ కోసం హిందీలో తీసిన ‘బ్యోమ్‌కేశ్ బక్షి’ డిటెక్టివ్ ధారావాహిక చూడమని నా మాట. 1993లో మొదటి విడత, 1997లో రెండోది వచ్చాయి. 2020 లాక్‌డౌన్‌లో మళ్ళీ వేసినప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. శరదిందు బందోపాధ్యాయ 1932లో బెంగాలీలో మొదలుపెట్టిన కథలవి. బ్యోమ్‌కేశ్‌గా రజిత్ కపూర్, స్నేహితుడు అజిత్‌గా కె.కె. రైనా వేశారు. మొదటిసారి ఊరికే చూడు. రెండోసారి కాగితం, కలం పక్కన పెట్టుకుని చూడు. ఇక్కడి నుంచి కథల గుట్టు చెప్పక తప్పదు కాబట్టి, కావాలంటే ఉత్తరం పక్కన పెట్టి ముందు అవి చూసి రా.

అందులో ‘రాస్తే కా కాంటా’ కథ తీసుకుందాం. కలకత్తా నడిరోడ్డు మీద, పట్టపగలు, జనం మధ్య నడుస్తున్న మనిషి కుప్పకూలిపోతాడు. గుండెలో గ్రామఫోను పిన్ను దిగి ఉంటుంది. తుపాకీ పేలిన చప్పుడు ఎవరికీ వినపడదు, పరిగెత్తిన మనిషి ఎవరికీ కనపడడు. ఇలా ఒకరి తర్వాత ఒకరు. ఒకాయన మాత్రం జేబుగడియారం అడ్డుపడి బతుకుతాడు. ఆ క్షణంలో ఏం విన్నారని బ్యోమ్‌కేశ్ ఆయన్ను గుచ్చి గుచ్చి అడుగుతాడు. వీధిలో ఉండే చప్పుళ్ళే, సైకిలు గంట కూడా మోగింది. అంతే. ఆ గంటే ఆయుధం. మీట నొక్కితే గంట మోగుతుంది, అందులో అమర్చిన స్ప్రింగు పిన్నును విసురుతుంది. గంట మోత ఆ చప్పుడును మింగేస్తుంది.

ఇక్కడ కాసేపు ఆగు. ఆ కాలపు కలకత్తాలో సైకిలు గంటను ఎవరూ చప్పుడు కింద లెక్కపెట్టరు. పాఠకుడూ లెక్కపెట్టడు. రచయిత ఆ గంటను దాచలేదు, అందరి ఎదుటా మోగించాడు. నీ ఆఫ్రికా విషంలో ఈ గుణం లేదు. దాని పేరు నీకు తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి, నువ్వు చెప్పేదాకా పాఠకుడు ఊహించడానికి తావే లేదు. మీ వీధిలో రోజూ వినపడుతున్నా ఎవరూ పట్టించుకోని చప్పుడు ఏది? నీళ్ళ మోటారా, కుక్కరు విజిలా, గ్యాసు బండివాడు సిలిండరు మీద కొట్టే దెబ్బలా? ఒక పూట గుమ్మంలో కూర్చుని విను. నీ ఆయుధం అక్కడ దొరుకుతుంది.

ధారావాహికలో మొదటి కథ ‘సత్యాన్వేషీ’ నేరస్థుడి విషయం నేర్పుతుంది. అజిత్ ఉండే మెస్సు యజమాని అనుకూల్ బాబు హోమియోపతి వైద్యుడు. మంచిమాట, మర్యాద, పేదవాళ్ళకు మందు, అన్నీ ఉన్న పెద్దమనిషి. మొదటి నుంచి మన కళ్ళముందే ఉంటాడు. కొకైన్ వ్యాపారమూ అతనిదే, హత్యలూ అతనివే. అతని మంచితనంలో ఒక్క మాట కూడా రచయిత కొట్టేయలేదు గమనించావా? ఆ మందులు నిజంగా ఇచ్చినవే, ఆ మర్యాద నిజంగా చూపినదే. నీ మేనల్లుడు ఎవరికి ఏం ఇచ్చాడు? చివరి పేజీ దాకా గుమ్మమే తొక్కనివాడి మీద పాఠకుడికి కోపం ఎలా వస్తుంది? నమ్మినవాడు మోసగిస్తేనే కదా మనసు కలుక్కుమనేది.

అదే కథలో బ్యోమ్‌కేశ్ కూడా అతుల్ అనే దొంగపేరుతో ఆ మెస్సులో దిగుతాడు. అజిత్‌కు తెలియదు, మనకూ తెలియదు. తోడుగా ఉండే పాత్రను తెలివితక్కువవాడిని చేసి నవ్వించడం చాలామందికి అలవాటు. అజిత్ అలాంటివాడు కాడు. అతను రచయిత, నెమ్మదస్తుడు, మనం అడగాలనుకున్న ప్రశ్నే అడుగుతాడు. మన తెలుగులో కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ పక్కన సహాయకుడు రాజు ఉన్నట్టు, నీ డిటెక్టివ్ పక్కన కూడా ఒక మనిషిని నిలబెట్టు. ఆ లాడ్జి గుమాస్తా సరిపోతాడేమో ఆలోచించు. నాకైతే అతను ఎంతో నచ్చాడు.

కోటు సంగతి. బ్యోమ్‌కేశ్ ధోవతి కట్టుకుంటాడు, టీ తాగుతాడు, సిగరెట్టు కాలుస్తాడు, పేపరు చదువుతాడు. ఒక హత్యకేసులో తన అన్నను కాపాడమని వచ్చిన సత్యవతిని తర్వాత పెళ్ళి చేసుకుంటాడు. ఇల్లు, సంసారం ఉన్న మనిషి. ఆ ఇల్లు ఉండబట్టే, ఎదుటివాడి ఇంట్లో వీలునామా ఎందుకు చిచ్చుపెడుతుందో అతనికి అర్థమవుతుంది. నీ డిటెక్టివ్ ఎక్కడ భోంచేస్తాడో, అద్దె ఎవరికి కడతాడో కథలో రాయకపోయినా నీకు మాత్రం తెలిసి ఉండాలి.

ముగింపు గురించి ఒక మాట. నేరస్థుడి చేతికి సంకెళ్ళు పడగానే నువ్వు కలం దించేశావు. ‘ఆదిమ శత్రు’ కథ చూడు. యుద్ధకాలంలో నల్లబజారులో కూడబెట్టిన డబ్బు, ఆ డబ్బున్న మనిషి హత్య, కథ ముగిసేసరికి బయట 1947 ఆగస్టు నెల. చంపినవాడెవరో బ్యోమ్‌కేశ్‌కు తెలుస్తుంది. తెలిసీ పోలీసులకు అప్పగించడు, ఆ సొమ్మును తగలబెట్టేస్తాడు. ఆ నిర్ణయం సరైనదా కాదా అని నాకు ఇప్పటికీ మనసులో నలుగుతూనే ఉంది. హంతకుడి పేరు మరిచిపోయినా నన్ను ఆ ప్రశ్న వదలదు. నిజం తెలిశాక దానితో ఏం చేయాలనే బరువు నీ డిటెక్టివ్ మీద కూడా పడనీ. నీ కథలో చనిపోయిన నగల వర్తకుడు తాకట్టు వస్తువులు ఎగవేసేవాడని నువ్వే రాశావు. మరి వాడిని చంపినవాడి వైపు న్యాయం అసలు లేదా? ఆ సంగతి ఎత్తి వదిలేశావు. కథ అంతా అక్కడే ఉందని నాకనిపిస్తోంది.

మేనల్లుణ్ణి తీసేయి. లాడ్జి రిజిస్టరును మొదటి సన్నివేశంలోనే తెరిపించు, అందులో ఒక పేరు అందరూ చదివేలా పెట్టు. తాకట్టు పెట్టి మోసపోయిన మనిషిని రెండో పేజీలోకి రప్పించి, గుమాస్తాతో కాసేపు మాట్లాడించు. విషం బదులు ఆ వీధిలో దొరికే వస్తువు ఏదైనా వెతుకు. తిరగరాశాక పాత ప్రతి, కొత్త ప్రతి రెండూ కలిపి పంపు. పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.

ఆశీస్సులతో,
నీ మాస్టారు