ఇన్సూరెన్స్ ఉందిగా, కోర్టు నోటీసు వదిలేయొచ్చా?

మీ అబ్బాయి మీ కారుతో ఒకాయన స్కూటీని గుద్దాడు, ఆయన పరిహారం కోసం కేసు వేశాడు, ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి నోటీసు పట్టించుకోవాలా అని అడిగారు. పట్టించుకోవాలండీ. మీరు వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ చేసి, అంటే మీరు లేకుండానే, విచారణ కానిచ్చేస్తారు. ఇన్సూరెన్స్ లాయరు ఉంటాడుగా అనుకుంటున్నారేమో, ఆయన కంపెనీ లాయరు, మీ లాయరు కాదు.

ఇది నాకు గుంటూరు కోర్టులో తెలిసొచ్చింది. మా అమ్మాయి ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్స్ లైసెన్సు) మీద కారు నేర్చుకుంటూ సందు మలుపులో ఒక తాపీమేస్త్రి బండికి తగిలించింది. ఆయన కాలు విరిగింది, పరిహారం కోసం కేసు వేశాడు. కారుకు ఎల్ బోర్డు ఉంది, పక్కన లైసెన్సున్న మా బావమరిది కూర్చున్నాడు. కంపెనీ కౌంటర్ (కేసుకు రాతపూర్వక జవాబు) వేసే వాయిదాకు నేనూ మా ఆవిడా వెళ్లాం. వాళ్ల లాయరు లేచి, బండి నడిపిన అమ్మాయికి సరైన లైసెన్సు లేదు, పరిహారం ఓనరే కట్టుకోవాలి అన్నాడు. మా ఆవిడ "ఏమండీ, ఈయన మనవాడు కాదా? ప్రీమియం కట్టింది మనమేగా?" అని గట్టిగానే అనేసింది. బెంచ్ క్లర్కు తలెత్తి చూశాడు.

లెర్నర్స్ లైసెన్సు కూడా లైసెన్సేనని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులోనే చెప్పింది. మా లాయరుగారు ఆ తీర్పు చూపించి, ఎల్‌ఎల్‌ఆర్, బావమరిది లైసెన్సు, పాలసీ కాపీలు పెట్టారు. మేం ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కాగితాలు ఎవరు పెడతారు? కంపెనీ అయితే పెట్టదు.

అసలు లైసెన్సే లేకపోతే కథ వేరు. చాలా కేసుల్లో ముందు కంపెనీని కట్టమని, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని చెబుతారు. మీవాడి వయసు రాయలేదు. 18 నిండకపోతే మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షన్ మీ మెడకే చుట్టుకుంటుంది: మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, ఏడాదిపాటు రిజిస్ట్రేషన్ రద్దు. అప్పుడు క్రిమినల్ కేసులు చూసే లాయర్ని ఇవాళే కలవండి.

ఇక చుట్టాల సలహాలు. "దెబ్బ తగిలినవాళ్లతో మాట్లాడావో, తప్పు ఒప్పుకున్నట్టే" అని మా పెదనాన్నగారబ్బాయి ఒకటే గోల. ఆయన జన్మలో కోర్టు గుమ్మం తొక్కలేదు. నేను మాట్లాడాను. వరండాలో చేతికర్రతో కూర్చున్న మేస్త్రి "మీమీద కోపమేం లేదు సార్, కంపెనీ డబ్బులివ్వాలంటే ఓనరు పేరు కూడా రాయాలన్నారు లాయరుగారు" అన్నాడు. అన్నాళ్లూ మేం ఇంట్లో పడ్డ టెన్షన్ దేనికో అప్పుడు అర్థం కాలేదు. డబ్బు సంగతి మాత్రం ఎత్తలేదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. కంపెనీకి చెప్పకుండా మనం బేరం కుదుర్చుకుంటే పాలసీకే ఎసరు.

కోర్టు దగ్గర జిరాక్స్ రేట్ల గురించి అడక్కండి. అన్నీ ఇంటి దగ్గరే తీయించుకుని వెళ్లండి.

మాది చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది, కంపెనీయే కట్టింది. అక్కడ తేలినదానికి అప్పీలు ఉండదు కాబట్టి మళ్లీ తిరగక్కర్లేదు. మీరు ముందు నోటీసులో వాయిదా తేదీ చూడండి. ప్రతివాదుల్లో మీ అబ్బాయి పేరు కూడా ఉండి, వాడికి 18 నిండి ఉంటే వకాల్తా (మన తరఫున వాదించమని లాయరుకు రాసిచ్చే కాగితం) మీద వాడి సంతకం కూడా పెట్టించండి.