ఆఫ్రికా భాషల్లో కూడా తెలుగులో లాగా సర్వనామాన్ని వదిలేస్తారా?

తెలుగులో "వచ్చాను" అంటే చాలు, "నేను" అక్కరలేదు. ఆఫ్రికా భాషల్లోనూ ఇలాగే ఉంటుందా, అది భాషాకుటుంబాన్ని బట్టి మారుతుందా అని అడిగారు. నేను టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేస్తూ స్వాహిలి నేర్చుకున్నాను కాబట్టి ముందు ఆ భాష సంగతి చెబుతాను.

స్వాహిలిలో "నినసోమ" అంటే "చదువుతున్నాను". అందులో "ని" ఉత్తమపురుషను, "న" వర్తమానాన్ని, "సోమ" చదవడాన్ని తెలుపుతాయి. "ఉనసోమ" అంటే చదువుతున్నావు. "అనసోమ" అంటే చదువుతున్నాడు అనైనా, చదువుతోంది అనైనా అర్థం. మనం క్రియ చివర చేర్చే గుర్తును వాళ్లు మొదట్లో చేరుస్తారన్నమాట. "నేను" అనడానికి "మిమి" అనే మాట విడిగా ఉంది కానీ మామూలు వాక్యంలో దాని అవసరం రాదు.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. పుస్తకంలోని సర్వనామాల పట్టికను కంఠస్థం చేసి, ప్రతి వాక్యాన్నీ "మిమి"తో మొదలుపెట్టేవాణ్ణి. ఒకరోజు, రేపు వస్తానని చెప్పబోయి "మిమి నితకూజ కేషో" అన్నాను. తోటి ఉద్యోగి వెంటనే "మరి రానిదెవరు?" అని అడిగారు. "నేనైతే వస్తాను" అన్నట్టు ఆయనకు వినిపించింది. తెలుగులో కూడా "నేను" అని నొక్కి పలికితే ఇదే ధ్వని వస్తుందని అప్పుడు గుర్తించాను.

స్వాహిలి క్రియ మన క్రియ కంటే ఎక్కువ బరువు మోస్తుంది. తెలుగులో "చూశాను" అంటే ఎవరినో సందర్భాన్ని బట్టి గ్రహించాలి; "నిలిమ్వోన" (అతన్ని లేదా ఆమెను చూశాను)లో మాత్రం చూసినది ఒక మనిషినని తెలిపే గుర్తు కూడా క్రియలోనే ఇమిడి ఉంటుంది.

ఇక కుటుంబాల విషయం. అమెరికా భాషావేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లో ఆఫ్రికా భాషలను నాలుగు పెద్ద కుటుంబాలుగా విభజించాడు. వాటిలో ఒకటైన ఖోయిసాన్‌ను ఒకే కుటుంబంగా ఇప్పుడు ఎక్కువమంది అంగీకరించరు. స్వాహిలి, నైజీరియాలోని యొరుబా రెండూ నైజర్-కాంగో కుటుంబానివే, అయినా యొరుబాలో "వెళ్ళు" అనే క్రియ ఏ పురుషలోనూ మారదు కనుక ముందున్న చిన్న సర్వనామాన్ని వదలడం కుదరదు. ఆఫ్రో-ఏషియాటిక్ కుటుంబానికి చెందిన, ఇథియోపియాలో మాట్లాడే అమ్హారిక్‌లో "హెదె" అంటే వెళ్ళాడు, "హెదెచ్" అంటే వెళ్ళింది. గుర్తు చివర ఉండటం వల్ల మనకు ఇది ఎంతో దగ్గరగా తోస్తుంది. అదే కుటుంబానికి చెందిన, పశ్చిమాఫ్రికాలో మాట్లాడే హౌసాలో "యా తఫి" అంటే వెళ్ళాడు, "తా తఫి" అంటే వెళ్ళింది. పురుషనూ కాలాన్నీ మోసే ఆ ముందుమాటను, వెళ్ళిన మనిషి పేరు చెప్పినా సరే, తీసేయడానికి వీల్లేదు. అందుకే నా దృష్టిలో దాన్ని సర్వనామం అనడం కంటే క్రియలో భాగం అనడమే సబబు.